బారెల్ మీద 17 · 78 అని ఉన్న చెకుముకి రైఫిల్: చేసిందెవరో ఎలా కనుక్కోవాలి?

#1 శీను_అలెన్‌టౌన్ | శనివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇది ఏ విభాగంలో పెట్టాలో తెలియక పాత వస్తువుల్లో పెడుతున్నా, తప్పైతే అడ్మిన్ గారు మార్చేయండి.

మేం ఉండేది పెన్సిల్వేనియాలో, అలెన్‌టౌన్ పక్కన. పొద్దున డైనింగ్ టేబుల్ కోసమని మా ఆవిడ ఒక ఎస్టేట్ సేల్‌కి లాక్కెళ్లింది. తెలియనివాళ్లకి చెప్తున్నా, ఇంటిపెద్ద పోయాక ఆ ఇంట్లో సామాను చెంచాలతో సహా ధర చీటీలు అంటించి అమ్మేస్తారు, అదన్నమాట. టేబుల్ నచ్చలేదు గానీ గ్యారేజీలో ఓ మూల ఒక పొడుగాటి తుపాకి కనపడింది. నిలబెడితే నా భుజం దాకా వచ్చింది. అమ్మేవాళ్లు "బారెల్ మీద 1778 అని ఉంది, స్వాతంత్ర్య యుద్ధం నాటిది అయ్యుండొచ్చు, మేం గ్యారంటీ ఇవ్వం" అన్నారు. 700 డాలర్లు చెప్పారు, 600కి ఇచ్చారు. ఇంటికొచ్చాక ఇంట్లో వాతావరణం ఎలా ఉందో మీ ఊహకే వదిలేస్తున్నా.

వివరాలు: బారెల్ ఎనిమిది పలకలది, టేపు పెడితే 42 అంగుళాలు. మూతి నుంచి మందు, గుండు దిగ్గొట్టే రకం, చెకుముకి రాయితో పేలేది. కర్ర మేపుల్, అడ్డంగా పులిచారలు. భుజానికి ఆనించుకునే వైపు కర్ర కొంచెం వంపు తిరిగి ముక్కులా ఉంది. కుడి పక్క చెక్కలో ఇత్తడి మూతతో చిన్న అర ఉంది. బారెల్ పైన చేత్తో చెక్కిన రెండు అక్షరాలు, టీ.ఆర్. అనుకుంటా. వాటి తర్వాత 17, ఒక చుక్క, 78. ఫోటోలు పెట్టాను.

నా ప్రశ్న ఒక్కటే. ఎవరు చేశారు దీన్ని? గూగుల్లో గంటసేపు వెతికినా ఏమీ దొరకలేదు.

#2 వ్యాలీ_వాసు | శనివారం, రాత్రి 10:20

1778 అయితే లాటరీ కొట్టినట్టే బ్రో. వేలానికి పెట్టు. ఇల్లు కట్టుకోవచ్చు.

#3 పాలమూరు_పిలగాడు | శనివారం, రాత్రి 10:41

చుక్క ఎందుకుంది అన్నా మధ్యలో? సంవత్సరం రాసేటోడు మధ్యలో చుక్క ఎందుకు పెడతాడు?

ఇంకో మాట. మా తాత దగ్గర ఇట్లాంటిదే ఉండేది, లైసెన్సు తుపాకి, కాయితాల మీద ఎస్‌బీఎంఎల్ (ఒంటి గొట్టం, మూతి నుంచి నింపేది) అని రాసి ఉండేది. అడవిపందులు చేనుమీద పడకుండా పంట కాపలాకి. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. నా చిన్నప్పుడు ఆ రసీదులు ఒక డబ్బా నిండా ఉండేవి. మీ తుపాకికి కాయితాలేం ఇయ్యలేదా?

#4 కొయ్యపని | శనివారం, రాత్రి 11:30

శీను గారూ, చేసిందెవరన్నది తర్వాత. ముందు ఒక పని చేయండి, ఇప్పుడే, పడుకోకముందే. లోపల మందు ఉందో లేదో చూశారా?

తమాషాకి అనట్లేదు. మూతి నుంచి నింపే తుపాకిలో గుండు ఉందో లేదో బయటికి కనపడదు. గోడకి అలంకారంగా తగిలించిన పాతవాటిలో నిండినవి తరచూ బయటపడుతుంటాయి. చూసే పద్ధతి సులువు. బారెల్ కింద ఉన్న రామ్‌రాడ్ (గుండు దిగ్గొట్టే పొడుగాటి కర్ర) తీసి, మూతి మీదకి మొహం గానీ చెయ్యి గానీ రాకుండా పక్కనుంచి మెల్లగా లోపలికి అడుగు తగిలే దాకా దించండి. మూతి దగ్గర కర్రకి టేపు అంటించండి. బయటికి తీసి అదే టేపుని మూతికి పెట్టి బారెల్ పక్కన పొడుగ్గా ఆనించండి. కర్ర కొస రంజకం చెవి దాకా, అంటే పక్కన నిప్పు లోపలికి వెళ్లే ఆ సన్నని బెజ్జం దాకా వస్తే ఖాళీ. అంగుళమో రెండంగుళాలో ముందే ఆగిపోతే లోపల ఏదో ఉన్నట్టు.

ఈలోగా చెకుముకి రాయి తీసేయండి, కుక్క (ఆ రాయిని పట్టుకునే మీట) వెనక్కి లాగి ఆడుకోకండి. పిల్లలకి అందకుండా పెట్టండి. చూసి చెప్పండి, మేలుకునే ఉంటా.

#5 శీను_అలెన్‌టౌన్ | శనివారం, రాత్రి 11:58

అంగుళంన్నర తక్కువ వచ్చింది.

మూడుసార్లు చూశాను. చేతులు వణుకుతున్నాయి. పొద్దున దీన్ని కారులో వెనక సీట్ల మీదుగా పెట్టుకుని, మూతి నా తల పక్కనే ఉండగా ఇరవై మైళ్లు నడిపాను.

#6 గోంగూర_టెక్సాస్ | ఆదివారం, తెల్లవారుజాము 12:15

టెన్షన్ పడకు తమ్ముడూ. దానంతట అది పేలదు, నిప్పు తగలాలి. అలాగని నిర్లక్ష్యంగానూ ఉండకు, ఎన్నేళ్లయినా నల్లటి మందు పొడిగా ఉంటే అంటుకుంటుంది. ఎట్టి పరిస్థితుల్లో "కాల్చి ఖాళీ చేద్దాం" అనుకోవద్దు. లోపల ఎంత మందుందో, గుండు మందుకి ఆనుకుని ఉందో మధ్యలో ఇరుక్కుందో తెలీదు. మధ్యలో ఖాళీ ఉంటే బారెల్ చీలిపోవచ్చు. రంజకం చెవిలోంచి కొంచెం నూనె పోసి నానబెట్టు. తర్వాత మీ దగ్గర్లో మూతిమందు తుపాకుల క్లబ్ ఏదైనా ఉంటే ఫోన్ చెయ్యి. వాళ్ల దగ్గర కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో ఆ చెవిలోంచి గుండుని బయటికి తోసే పరికరం ఉంటుంది, రెండు నిమిషాల పని.

అన్నట్టు దాన్ని "నల్లమందు" అని మాత్రం ఎక్కడా రాయకు. అది వేరే డిపార్ట్‌మెంట్ కేసు.

#7 నిర్వాహకుడు | ఆదివారం, ఉదయం 8:05

థ్రెడ్‌ని పరిశోధన, పాత వస్తువులు విభాగానికి మార్చాను. మందు తయారీ గురించి ఎవరూ రాయకండి, తీసేస్తాం. వెతుకులాట సంగతి కొనసాగించండి.

#8 కొయ్యపని | ఆదివారం, ఉదయం 10:40

రాత్రి ఫోటోలు పెద్దవి చేసి చూశాను. నేను ఒహాయోలో ఉంటాను, పదేళ్లుగా శని ఆదివారాలు ఇలాంటి రైఫిళ్లే చేస్తుంటాను, ఇప్పటికి ఆరు పూర్తయ్యాయి. గొప్ప పనివాణ్ణి కాదు గానీ తప్పులు చేసి చేసి కొన్ని తెలిశాయి.

ఇది 1778 నాటిది కాదు. బాధపడకండి. ఆ బెజ్జం ఉన్న ఫోటో చూడండి, దాని చుట్టూ మెరిసే స్టీలు రింగు ఉంది. అది విడిగా చేసి మరతో బిగించిన స్టెయిన్‌లెస్ బుష్. పద్దెనిమిదో శతాబ్దంలో స్టెయిన్‌లెస్ స్టీలే లేదు. అంటే ఇది ఈ కాలంలో ఎవరో పాత పద్ధతిలో చేసినది. నా దృష్టిలో అది తక్కువ సంగతేం కాదు, మీ ఫోటోలో ఆ కర్రకీ ఇనుముకీ మధ్య కాగితం దూరే సందు కూడా లేదు.

ఆ ముక్కులాంటి వంపు మీ ఊరిదే. ఈ రకాన్ని కెంటకీ రైఫిల్ అని పిలుస్తారు గానీ పుట్టిందీ ఎక్కువగా తయారైందీ పెన్సిల్వేనియాలో, జర్మన్ మాట్లాడే వలసదారుల చేతుల్లో. జిల్లా జిల్లాకీ ఒక పోకడ. లాంకాస్టర్‌ది ఒక తీరు, బెడ్‌ఫర్డ్‌ది సన్నటి పొడుగాటి లాక్‌తో (రాయి కొట్టి నిప్పు పుట్టించే పక్క యంత్రం) ఇంకో తీరు. మీ లీహై లోయలో రుప్, మోల్, కుంజ్ లాంటి కుటుంబాలు చేసినవాటికి ఇలా రోమన్ ముక్కు వంపు ఉంటుంది. ముందు కర్ర అడుగున వేళ్లతో తడిమి చూడండి, చిన్న మనిషి తల బొమ్మ చెక్కి ఉండొచ్చు. లీహై వాళ్లకి ఆ అలవాటుంది. అది ఉంటే, చేసినాయన ఆ పాత రైఫిళ్లని పుస్తకాల్లో కాకుండా చేత్తో పట్టుకుని చూశాడని నా అనుమానం.

ఇక కాయితాలు ఎందుకు లేవంటే, అసలు ఉండవు. 1968లో వచ్చిన గన్ కంట్రోల్ చట్టం 1898 దాకా తయారైనవాటినీ, నల్ల మందుతో మూతి నుంచి నింపే, తూటా పట్టని తుపాకులనీ "యాంటిక్" కింద లెక్కేసి ఫైర్‌ఆర్మ్ నిర్వచనం నుంచి తీసేసింది. కాబట్టి గ్యారేజీలో కూర్చుని ఇది చేసే ఆయనకి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, సీరియల్ నంబరు వెయ్యక్కర్లేదు, కొన్నవాడి పేరు ఎక్కడా రాయక్కర్లేదు. ఫ్యాక్టరీ తుపాకి అయితే నంబరు పట్టుకుని కంపెనీకి ఉత్తరం రాస్తాం. ఇక్కడ చేసినాయన బారెల్ మీద చెక్కిన రెండక్షరాలే రికార్డు. అందుకే మీకు గూగుల్లో ఏమీ దొరకలేదు.

కాబట్టి వెతకాల్సింది కర్ర కింద. ఈ రోజుల్లో, ఆ రోజుల్లో కూడా, బారెల్ సొంతంగా చేసుకునేవాళ్లు చాలా తక్కువ. 1960ల్లో విలియమ్స్‌బర్గ్ పాతకాలం మ్యూజియంలో వాలెస్ గస్లర్ అనే పనివాడు ఇనుప పట్టీని కొలిమిలో చుట్టి బారెల్ చేయడం దగ్గర్నుంచి మొత్తం రైఫిల్ చేత్తోనే చేసి చూపించాడు, అది వేరు. మామూలు వాళ్లు బారెల్ కొంటారు. అమ్మిన కంపెనీ గుర్తు సాధారణంగా అడుగు పలక మీద, కర్రలో దాగి ఉంటుంది. వెస్ట్ వర్జీనియా డగ్లస్ బారెల్ అయితే 60లు, 70లు అనుకోవచ్చు. గెట్జ్ అయితే మీ రాష్ట్రందే. గ్రీన్ మౌంటెన్ గానీ రైస్ గానీ అయితే ఇంకా ఇటీవలిది. లాక్ కూడా అంతే, ఆ రోజుల్లో సైలర్ లాక్ విడిభాగాలుగా కొని బిగించుకున్నవాళ్లు చాలామంది.

గుండు తీయించాకే విప్పండి. ముందు లాక్, తర్వాత బారెల్ వెనక తోక మీద మర, ఆ తర్వాత కర్రకి అడ్డంగా ఉన్న సన్నటి పిన్నులు. పిన్ను ఏ వైపు నుంచి తట్టితే కదులుతుందో చూసి అటు నుంచే తట్టండి, బలవంతం చేస్తే కర్ర పెచ్చు లేస్తుంది. బారెల్ వెనక బిరడా జోలికి మాత్రం వెళ్లొద్దు.

#9 పాలమూరు_పిలగాడు | ఆదివారం, ఉదయం 11:02

కాయితం లేకుండా తుపాకి! మా తాత వింటే కళ్లు తిరిగి పడేవాడు.

చెకుముకి అంటే నాకు ఇన్నాళ్లూ స్కూల్లో రాసిన చెకుముకి టాలెంట్ టెస్టే. ఈ థ్రెడ్‌తో జ్ఞానం పెరుగుతోంది.

#10 హెచ్‌1బీ_హరి | ఆదివారం, మధ్యాహ్నం 12:30

మధ్యలో దూరుతున్నందుకు సారీ. వీసా మీద ఉన్నవాళ్లు ఇది కొనొచ్చా? తుపాకి ముట్టుకుంటేనే డిపోర్ట్ చేస్తారని మా రూమ్‌మేట్ అంటాడు.

#11 గోంగూర_టెక్సాస్ | ఆదివారం, మధ్యాహ్నం 12:55

హరీ, నేను లాయర్ని కాదు. మామూలు తుపాకి, తూటాల విషయంలో ఇమిగ్రెంట్ కాని వీసా వాళ్లకి ఫెడరల్ చట్టంలో నిషేధం ఉంది, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులతో. కొయ్యపని గారు చెప్పిన "యాంటిక్" ఆ నిర్వచనంలోకే రాదు. కానీ రాష్ట్రాల చట్టాలు వేరే. శీను తమ్ముడికి నది దాటితే న్యూజెర్సీ, అక్కడ మూతిమందు తుపాకికి కూడా అనుమతి కార్డు కావాలి. స్టేటస్ పణంగా పెట్టి సరదా తీర్చుకోవద్దు, లాయర్‌కి ఫీజిచ్చి అడుగు. ఇండియాకి తీసుకెళ్లే ఆలోచన అయితే అసలే వద్దు, అక్కడ లైసెన్సు లేకుండా కుదరదు, పాలమూరు తాతగారి రసీదులే సాక్ష్యం.

#12 రమణి_ఇండియానా | ఆదివారం, సాయంత్రం 6:18

నేను లైబ్రరీలో పని చేస్తాను, మా సెక్షన్‌కి వచ్చేవాళ్లలో సగం మంది వంశవృక్షం వెతుక్కునేవాళ్లే. తుపాకుల గురించి నాకేమీ తెలియదు, రాతల గురించి మాత్రం కొంచెం తెలుసు.

శీను గారు టీ.ఆర్. అన్నారు కదా. అది టీ కాదు, ఎఫ్ అనుకుంటున్నాను. చేతిరాత పెద్దక్షరాల్లో ఈ రెండూ అందర్నీ తికమక పెడతాయి. మధ్యలో చిన్న అడ్డగీత ఉంటే ఎఫ్. మీ మూడో ఫోటోలో వెలుగు పక్కనుంచి పడింది, దాంట్లో చిన్న గీత కనపడుతోంది. చీకట్లో టార్చి ఏటవాలుగా పట్టుకుని మళ్లీ తీయండి.

పాలమూరు తమ్ముడి చుక్క ప్రశ్నే అసలైన ప్రశ్న అని నాకనిపిస్తోంది. పదిహేడో రైఫిల్, 78వ సంవత్సరం. అలా చదివితే?

#13 కొయ్యపని | ఆదివారం, సాయంత్రం 6:40

రమణి గారూ, దండం. నేను పదేళ్లుగా ఇవే చేస్తూ ఆ చుక్కని సోకు అనుకుని వదిలేశాను.

78 అయితే ఇంకోటి కలుస్తుంది. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత చెకుముకి తుపాకులతో మాత్రమే జింకల వేటకి విడిగా ఒక సీజన్ ఉంది. అది మొదలైంది 1974లో. తర్వాత 76లో దేశానికి 200 ఏళ్ల పండగ, ఊరూరా పాతకాలం మోజు. ఆ నాలుగైదేళ్లలో మీ వైపు గ్యారేజీల్లో చాలామంది ఈ పని మొదలుపెట్టారు. కొందరు ఒకటీ రెండూ చేసి ఆపేశారు. పదిహేడు దాకా వచ్చాడంటే ఈయన సరదా మనిషి కాదు.

#14 శీను_అలెన్‌టౌన్ | గురువారం, రాత్రి 9:25

అప్‌డేట్.

మా ఇంటికి అరగంట దూరంలో మూతిమందు తుపాకుల క్లబ్ ఒకటి దొరికింది. నిన్న సాయంత్రం తీసుకెళ్లాను. డెబ్భై దాటిన ఒక పెద్దాయన ఆ గ్యాస్ పరికరం పెట్టి నొక్కారు. తుస్సుమని శబ్దం, గుండు ఇసుక బస్తాలో పడింది. సీసపు గుండు, చుట్టూ చారల గుడ్డ ముక్క అలాగే ఉంది, జిడ్డు కూడా ఆరలేదు. తర్వాత మందు, నూనెకి తడిసి నల్లటి ముద్దగా. ఆయన వాసన చూసి "ఇది ఎవరో వేటకి నింపి, జింక కనపడక ఇంటికొచ్చి, రేపు పొద్దున తీద్దాంలే అనుకుని మర్చిపోయింది" అన్నారు.

అక్కడే బల్ల మీద విప్పాం. అడుగు పలక మీద డగ్లస్ అని ముద్ర. కొయ్యపని గారికి పది మార్కులు. కింద కర్రలో ఎక్కడా ఎపాక్సీ (సందులు పూడ్చే జిగురు) పూత లేదు, మొత్తం ఉలి గుర్తులే. ముందు కర్ర అడుగున తల బొమ్మ ఉంది!! వారం నుంచి చేత్తో పట్టుకుంటున్నా నాకు తెలియలేదు.

అక్షరాలు: ఎఫ్.ఆర్. రమణి గారికీ పది మార్కులు. కానీ ఆ క్లబ్‌లో ఎవరికీ ఆ అక్షరాలు తెలియవు. పెద్దాయన మాత్రం మరల వైపు చూపించి ఒక మాటన్నారు: "ప్రతి మర గాడీ బారెల్‌తో సమాంతరంగా ఉంది చూడు. ఇలా అన్నీ ఒకే దిక్కుకి తెచ్చేవాడు మెషీన్ షాపులో పని చేసినవాడై ఉండాలి."

ఇంతవరకే. ఇప్పుడేం చేయాలి?

#15 వ్యాలీ_వాసు | గురువారం, రాత్రి 9:31

అంటే మిలియన్ లేదా?

#16 పాలమూరు_పిలగాడు | గురువారం, రాత్రి 9:33

వాసూ నువ్వు పడుకో.

#17 రమణి_ఇండియానా | గురువారం, రాత్రి 10:50

ఇప్పుడు మొదలవుతుంది నా పని. ఈ క్రమంలో చూడండి.

మా రాష్ట్రంలోనే ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో జాతీయ మూతిమందు రైఫిల్ సంఘం ఉంది, 1933లో పుట్టింది. వాళ్ల పత్రిక 1939 నుంచి వస్తోంది. దాంట్లో చిన్న ప్రకటనలు, పోటీల ఫలితాలు చూడొచ్చు. 1996లో మొదలైన సమకాలీన లాంగ్‌రైఫిల్ సంఘం కూడా ఉంది గానీ అది ఈ కాలం కళాకారుల కోసం, మీ ఎఫ్.ఆర్. అప్పటికే ఆపేసి ఉంటే అక్కడ ఉండడు. ఇంకా దగ్గరది నజరెత్ పక్కన జేకబ్స్‌బర్గ్‌లో పెన్సిల్వేనియా లాంగ్‌రైఫిల్ మ్యూజియం. హెన్రీ కుటుంబం తరతరాలుగా తుపాకులు చేసిన చోటు అది. మీకు కారులో గంట కూడా పట్టదు. రుప్ రైఫిళ్లని చేత్తో పట్టుకుని చూశాడని కొయ్యపని గారు అనుమానించారు కదా, అలాంటి మనిషి ఇలాంటి చోట్లకి వచ్చిపోతూ ఉంటాడు.

అన్నిటికంటే ముందు చేయాల్సింది మాత్రం ఇవేవీ కాదు. మీరు కొన్న ఇంటి యజమాని ఎవరు? ఆయన కొన్నాడా, ఆయనే చేశాడా? సేల్ నడిపినవాళ్లని అడిగారా?

#18 శీను_అలెన్‌టౌన్ | గురువారం, రాత్రి 11:04

...అడగలేదు.

#19 గోంగూర_టెక్సాస్ | గురువారం, రాత్రి 11:10

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికావు కదరా అబ్బాయ్.

#20 శీను_అలెన్‌టౌన్ | తర్వాతి ఆదివారం, రాత్రి 8:47

కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

సేల్ నడిపినవాళ్లు పేరు చెప్పలేదు, చెప్పకూడదట. నా ఫోన్ నంబరు కుటుంబానికి ఇస్తామన్నారు. ఈలోగా శుక్రవారం సెలవు పెట్టి జేకబ్స్‌బర్గ్ వెళ్లాను. అక్కడ గాజు వెనక ఉన్న లీహై రైఫిళ్లు చూస్తుంటే, నాది వాటికి మనవడిలా ఉంది. అదే ముక్కు, అదే ఇత్తడి మూత. ఎఫ్.ఆర్. గురించి మాత్రం అడిగినవాళ్లెవరికీ తెలియదు. లైబ్రరీలో 78 నుంచి 82 దాకా స్థానిక పత్రికల మైక్రోఫిల్మ్ తిప్పాను, కళ్లు పోయాయి, ఏమీ లేదు. సంఘం పత్రిక పాత సంచికలు కొన్ని క్లబ్ పెద్దాయన ఇచ్చారు, వాటిలోనూ లేదు.

నిన్న ఆ ఇంటి కూతురు ఫోన్ చేశారు. ఆవిడకి అరవై ఉంటాయి. వాళ్ల నాన్న చేసింది కాదట. వాళ్ల నాన్న కొన్నాడు, పక్క వీధిలో ఉండే స్నేహితుడి దగ్గర. ఇద్దరూ ఉక్కు ఫ్యాక్టరీలో ఒకే షిఫ్టు. ఎఫ్.ఆర్. గారు అక్కడ మెషీన్ షాపులో మెషినిస్టు. (క్లబ్ పెద్దాయనకి ఫోన్ చేసి చెప్తే "మరలు అబద్ధం చెప్పవు" అన్నారు.) పగలు టన్నుల బరువున్న రోలర్లు చెక్కి, రాత్రి సెల్లార్లో ఇవి చెక్కేవాడట. కొలిమి లేదు, కొనుక్కున్న బారెల్, కొనుక్కున్న లాక్, మిగతాదంతా చేత్తో. అమ్ముకోవడానికి కాదు, అడిగిన స్నేహితులకి సామాన్ల ఖర్చుకి చేసిచ్చేవాడు. అందుకే ప్రకటనలు లేవు, పోటీలకి వెళ్లలేదు. నేను వెతికిన చోట్లన్నీ అమ్మేవాళ్లూ గెలిచేవాళ్లూ ఉండే చోట్లు.

ఆవిడే ఎఫ్.ఆర్. గారి అబ్బాయిని కలిపారు. ఇవాళ మధ్యాహ్నం వెళ్లొచ్చాను. ఆయన దగ్గర నాన్న నోట్‌బుక్ ఉంది, చారల అట్ట ఉన్న స్కూలు నోట్‌బుక్. ఒక్కో రైఫిల్‌కి ఒక పేజీ. పదిహేడో పేజీలో బారెల్ పొడవు, క్యాలిబర్ (బారెల్ లోపలి వెడల్పు, అంగుళాల్లో) పాయింట్ 45, కర్ర ఎక్కడ కొన్నదీ, గంటలు: 212. కింద పెన్సిల్‌తో ఒక వాక్యం, లాక్ దగ్గర కర్ర కొంచెం ఎక్కువ చెక్కాను, వచ్చేసారి చూసుకోవాలి అని. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూశాను. ఎక్కడ ఎక్కువైందో నాకు కనపడలేదు.

మొత్తం 31 చేశాడట. 1990ల్లో చూపు తగ్గి ఆపేశాడు. కొడుకు దగ్గర రెండే ఉన్నాయి. మిగతావి ఎక్కడున్నాయో ఆ కుటుంబానికే తెలియదు. ఎవరైనా ఎఫ్.ఆర్. అనీ, చుక్కతో నంబరూ చూస్తే నాకు మెసేజ్ పెట్టండి.

ఒక రిక్వెస్ట్. వాళ్ల పూర్తి పేరు ఇంటర్నెట్‌లో పెట్టొద్దన్నారు, నేను సరేనన్నాను. అడ్మిన్ గారూ, మొదటి పోస్టులో బారెల్ మీద రాత ఉన్న ఫోటోలు తీసేయగలరా? మ్యూజియం వాళ్లకి కావాలంటే తనే స్వయంగా ఇస్తానని కొడుకు అన్నారు, నోట్‌బుక్ కాపీతో సహా.

#21 నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 9:02

తీసేశాను.

#22 కొయ్యపని | ఆదివారం, రాత్రి 9:30

212 గంటలా! ఇప్పుడు కంప్యూటర్ మిషన్ మీద కోసిన కిట్లు వస్తున్నాయి, నాలాంటివాడు వాటితో చాలా తక్కువ సమయంలో ముగిస్తాడు. ఈయన మొద్దు చెక్కతో మొదలుపెట్టి షిఫ్టు అయ్యాక చేశాడు.

శీను గారూ, నోట్‌బుక్‌లో లాక్ గురించి, కర్రకి వేసిన రంగు గురించి ఏమైనా రాశాడా? నత్రికామ్లంలో ఇనుప రజను కరిగించి పూసి, వేడి తగిలిస్తే మేపుల్ చారలు అలా పైకి లేస్తాయి. మీ ఫోటోలో ఆ ఎరుపు అదే అనుకుంటున్నా. నేను ఎన్నిసార్లు చేసినా పచ్చగా వస్తోంది.

ఇంకోటి. నా నోట్‌బుక్ ఇవాళ మొదలుపెడుతున్నాను. ఆరు చేశాను, ఒక్కదాని మీదా పేరు వెయ్యలేదు.

#23 రమణి_ఇండియానా | ఆదివారం, రాత్రి 9:52

వెయ్యండి. పూర్తి పేరు, నాలుగంకెల సంవత్సరం. చుక్కలు వద్దు.

#24 పాలమూరు_పిలగాడు | ఆదివారం, రాత్రి 10:15

మా ఊర్ల పక్కన నాటు తుపాకులు చేసే కమ్మరి ఒకాయన ఉండేవాడని మా నాయన చెప్పేవాడు. పేరు అడుగుదామని ఇప్పుడే ఫోన్ చేసిన. "పేరా? కమ్మరాయన అనేటోళ్లం" అన్నడు.

#25 గోంగూర_టెక్సాస్ | ఆదివారం, రాత్రి 10:31

శీనూ, మరి కాలుస్తావా లేదా? గోడకి తగిలిస్తే ఎఫ్.ఆర్. గారు ఊరుకోరు.

#26 శీను_అలెన్‌టౌన్ | ఆదివారం, రాత్రి 10:48

వచ్చే శనివారం క్లబ్‌లో పెద్దాయన నేర్పిస్తానన్నారు. కొడుకు కూడా వస్తానన్నారు, వాళ్ల నాన్న గుండ్లు పోసిన అచ్చు తెస్తారట. మా ఆవిడ కూడా వస్తోంది, డైనింగ్ టేబుల్ సంగతి దారిలో మాట్లాడుకుందాం అంది.

ఒక డౌట్. గుండు చుట్టూ చుట్టే గుడ్డకి ఏం వాడాలి? ఇండియా నుంచి తెచ్చిన మా నాన్న పాత నూలు లుంగీ ఉంది, మెత్తగా ఉంటుంది. పనికొస్తుందా?

#27 కొయ్యపని | ఆదివారం, రాత్రి 11:05

అచ్చమైన నూలు అయితే కాలి మసైపోతుంది, పర్లేదు. పాలియెస్టర్ కలిసిందో, కరిగి బారెల్‌కి అంటుకుంటుంది. ఒక దారం తీసి నిప్పు పెట్టి చూడండి, గోళీలా ముడుచుకుంటే వద్దు. మందం మైక్రోమీటర్‌తో కొలవండి. పాయింట్ 440 గుండుకి అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను దగ్గర ఉండాలి. దిండ్లకి వాడే చారల గుడ్డ, మీ గుండుకి చుట్టి వచ్చింది అదే.

#28 శీను_అలెన్‌టౌన్ | ఆదివారం, రాత్రి 11:40

నూలే. వెయ్యో వంతులు తొమ్మిది వచ్చింది. రెండు పొరలు వేయొచ్చా?

#29 కొయ్యపని | ఆదివారం, రాత్రి 11:42

వద్దు. పద్దెనిమిది అయితే సగంలో ఇరుక్కుంటుంది. దిండు గుడ్డ కొనండి.